పైనుంచి మూడో ఆకు

"చెయ్యి బయటికి పెట్టరా" అంది ఖాదర్‌బీ.

లాకప్ ఊచల సందులోంచి కోటేష్ కుడిచెయ్యి బయటికొచ్చింది. వాచి బూరెలా ఉంది. వేళ్ళు ముడుచుకోవటం లేదు.

"ఎవడు కొట్టాడు?"

"ఎవరూ కొట్టలేదమ్మా. పడ్డా."

"ఎక్కడ?"

"ఇక్కడే. రోజుకోసారి పడుతున్నా."

బల్ల దగ్గర స్టేషన్ రైటరు గొంతు సవరించుకున్నాడు. ఖాదర్‌బీ వాడి వంక చూడలేదు. ఇరవై రెండేళ్ళు ఇలాంటి గదుల్లోనే నౌకరీ చేసి, హెడ్ కానిస్టేబుల్ దాకా వచ్చి, ఒక లాకప్ చావు పంచనామా మీద సంతకం పెట్టనన్నందుకు ఇంటికెళ్ళిన మనిషి ఆమె. ఇప్పుడు గుంటూరులో ఒక గది తీసుకుని సొంతంగా దర్యాప్తులు చేస్తోంది. నిన్న కోటేష్ తల్లి వెంకటేశ్వరమ్మ ఆ గది గుమ్మంలో కూలబడింది. "మావాడు కోడిని కొయ్యాలన్నా నన్ను పిలుస్తాడమ్మా. వాడు మనిషినేం చంపుతాడు?" అని ఒకటే ఏడుపు.

టైము ఉదయం ఎనిమిది నలభై. నవంబరు పద్దెనిమిది, మంగళవారం. స్టేషన్ కాగితాల ప్రకారం కోటేష్‌ని అరెస్టు చేసింది ఈ రోజు తెల్లవారుజామున. ఇంటి ముందు నుంచి జీపెక్కించింది మాత్రం ఆరో తారీకు గురువారం. మధ్యలో పన్నెండు రోజులు వాడు ఎక్కడున్నట్టు? ఎక్కడా లేనట్టు. కూలోడి బతుకులో అలా మాయం చేసే రోజులు సర్కారుకి ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి. సాయంత్రం ఐదింటికి వాణ్ణి హత్య కేసులో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. జైలుకి పంపాక ఇక వాడి మాట వినే నాథుడుండడు. ఖాదర్‌బీకి ఉన్నది ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు.

చంపాడంటున్నది అఖిలని. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. 'వరప్రద' విత్తన పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది. మిరప తోటల్లోకి కొత్తగా దిగిన ఒక వైరస్ ఎలా మారుతోంది, మారిపోయినదాన్ని పరీక్షలో ఎలా పట్టుకోవాలి అన్నది ఆమె చదువు. తుమ్మలగుంటపాలెం పొలాల మధ్య షేడ్‌నెట్టు వేసుకుని మొక్కలు పెంచేది. కోటేష్ ఆ మొక్కలకి కాపలా. నాలుగో తారీకు సాయంత్రం ఆ నెట్టులోంచి మాయమైంది. ఫోను, ఒక చెప్పు సాగర్ కాలవ గట్టు మీద దొరికాయి. శవం దొరకలేదు. ఒప్పుకోలు కాగితం మీద కోటేష్ వేలిముద్ర మాత్రం దొరికింది. ఆ వేళ్ళు ఇప్పుడు ముడవటం లేదు.

"నాలుగో తారీకు ఎన్నింటికి వచ్చేశావు?"

"ఐదుంబావుకి. ఫోటోలు తీసుకోవాలి, నువ్వు పోరా అన్నారు అమ్మగారు."

"వచ్చేముందు ఏం చేశావు?"

"పాలతో చేతులు కడుక్కున్నా."

రైటరు కిసుక్కున నవ్వాడు. కోటేష్ ఆ నవ్వుకి అలవాటు పడ్డవాడిలా తల దించుకున్నాడు. "నవ్వుతారమ్మా. మా ఊళ్ళో నన్ను కృష్ణుడూ అని పిలుస్తారు. ఈ వైరస్ గాలికి రాదు, దోమకి రాదు. చెయ్యి తగిలితే వస్తది. ఒక మొక్కని ముట్టుకున్న చేత్తో ఇంకోదాన్ని ముట్టుకుంటే దానికీ వస్తది. పాలపొడి కలిపిన నీళ్ళల్లో చెయ్యి ముంచితే చస్తది. లోపలికి పోయేటప్పుడు తొడుగులు, బయటికొచ్చేటప్పుడు పాలు. రెండేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు."

"నెట్టు లోపల నాలుగు గదులున్నాయంటగా?"

"నాలుగో గదే అసలుది." వాడి గొంతు తగ్గింది. "మొక్క నుంచి మొక్కకి ఎక్కిస్తా పోతుంటే ఆ గదిలో వైరస్ మారిపోయింది. పరీక్ష పట్టీ పెడితే ఏం లేదంటది. మొక్క చూస్తే ముడుచుకుపోయి చస్తది. ఈ దొంగ ఈ గదిలో తప్ప ఎక్కడా లేడు కోటేష్, వీణ్ణి గడప దాటనివ్వకూడదు అనేవారు అమ్మగారు. దాటితే ఈ పట్టీని నమ్ముకుని నారు కొనే రైతులంతా మునిగిపోతారని."

"ఆ పట్టీ ఎవరు చేసింది?"

"గైడు గారు. శివనాగరాజు గారు."

ఖాదర్‌బీ లేచింది. "ఐదింటిలోపు వస్తా. పడకు."

"నా చేతుల్లో ఉందా అమ్మా?" అన్నాడు కోటేష్.

* * *

తొమ్మిది యాభైకి ఆమె షేడ్‌నెట్టు ముందుంది. నెట్టుకి పోలీసులు సీలేశారు. ఉజ్మా అప్పటికే స్కూటీ మీద వచ్చి నిలబడింది. ఉజ్మా అఖిలతో ఒకే ల్యాబులో పనిచేసే పిల్ల, ఆమె కంటే రెండేళ్ళు చిన్న. భుజానికి పరీక్షల సంచి తగిలించుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

నెట్టుకి పడమట రెండు ఫర్లాంగుల్లో కాలవ. తూర్పున చలమయ్య మిరప తోట, తోట దాటితే తారు రోడ్డు. పోలీసులు పడమటి వైపు గడ్డిపోచతో సహా వెతికారు. తూర్పు వైపు ఒక్కడూ కాలు పెట్టలేదు. చెప్పు పడమట దొరికితే తూర్పుకెందుకు పోతారు?

చలమయ్య గట్టు మీద బూడిదకుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఖాదర్‌బీని చూసి తలగుడ్డ తీశాడు.

"పెద్దాయనా, ఈ పదిహేను రోజుల్లో మీ చేలోకి కొత్తవాళ్ళెవరైనా వచ్చారా?"

"కొత్తోళ్ళెవరొస్తారమ్మా ఈ అడివికి? ఒక్కడు రాలా."

"నాలుగో తారీకు సాయంత్రం మీరెక్కడున్నారు?"

"చీరాల్లో. మా వియ్యంకుడి ఊళ్ళో పెళ్ళి. ఐదో తారీకు మధ్యాన్నం వచ్చా."

"ఈ బూడిదేంటి?"

అప్పుడు ముసలాయన మొహం వెలిగింది. 

"తెగులు మొక్కలమ్మా! ఆదివారం పొద్దున చూశా. ఆకులు పసుపూ పచ్చా మచ్చలు పడి, కొసలు దారప్పోగుల్లా సన్నబడ్డయ్. డాక్టరమ్మ, అదే మా అఖిలమ్మ, చెప్పింది గుర్తుంది. తాతా, మచ్చ కనపడితే ఆలోచించొద్దు, పక్క మొక్కకి తగలకుండా పీకు, సంచిలో వెయ్, తగలబెట్టు, పాలతో చేతులు కడుక్కో అని. నిన్న పొద్దున పంతొమ్మిది మొక్కలు పీకా. లీటరు పాలు తెప్పించా. ఆ పిల్ల ఎక్కడున్నా విని సంతోషిస్తది."

ఉజ్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పంతొమ్మిదీ ఎక్కడివి? చేనంతా చెదురుమదురుగా ఉన్నాయా?"

"లేదమ్మా, అదే వింత. ఈ గట్టు వారన ఒకటే సాలు."

ఖాదర్‌బీ గట్టెక్కింది. నెట్టు గుమ్మం నుంచి తారు రోడ్డు దాకా గట్టు తిన్నగా పోతోంది. రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడితే కుడిచేతి పక్కన గట్టుని ఆనుకుని ఒక మిరప సాలు. ఎడమ పక్క బోదె కాలవ. ఆమె నడుస్తూ వేలితో లెక్కపెట్టింది. నాలుగు మొక్కలు, ఒక ఖాళీ గుంట. నాలుగు మొక్కలు, ఒక గుంట. మళ్ళీ నాలుగు, మళ్ళీ గుంట. చెంప మీద కొట్టినట్టు ఆగిపోయింది.

తెగులు లెక్కపెట్టుకుని రాదు. నాలుగు వదిలి ఐదోదాన్ని పట్టుకునే తెగులు ఏ దేవుడూ పుట్టించలేదు. ఎవరో మనిషి ఈ గట్టు మీద నడిచాడు. నడుస్తూ ఐదో మొక్కనీ ఐదో మొక్కనీ ముట్టుకుంటూ పోయాడు. కుడిచెయ్యి. రోడ్డు వైపు. నెట్టు వైపు కాదు. అటు పోయుంటే ఆ చేతికి సాలు అందదు.

"పెద్దాయనా, అన్నీ పీకేశారా? ఒక్కటైనా మిగల్లేదా?"

"రోడ్డు మొదట్లో కంప కింద ఒకటుంది, దాని పక్కది కూడా తేడాగా ఉంది. మోకాళ్ళు పట్టేసి వంగలేకపోయా. ఇయ్యాల పీకుదామనే వచ్చా, మీరొచ్చారు."

పదిన్నర. కంపచెట్టు కింద రెండు మొక్కలు పక్కపక్కనే ఉన్నాయి. ఉజ్మా తొడుగులు వేసుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి మొక్క ఆకు ఒకటి తుంచి, గొట్టంలో మందునీళ్ళు పోసి నలిపి, అందులో వేలెడంత తెల్ల పట్టీ ముంచింది. రెండు గీతలు వస్తే వైరస్ ఉన్నట్టు, ఒకటే వస్తే లేనట్టు. పది నిమిషాలు ముగ్గురూ ఆ పట్టీ వంక పీటల మీద పెళ్ళికొడుకుని చూసినట్టు చూశారు.

ఒకటే గీత.

చలమయ్య నిట్టూర్చాడు. "అయితే తెగులు కాదా? పంతొమ్మిది మొక్కలు ఊరికే తగలెట్టానా?"

"ఊరికే కాదు తాతా." ఉజ్మా పట్టీని ఎత్తి చూపించింది. "మొక్కలో రోగం కళ్ళకి కనిపిస్తోంది. పట్టీ లేదంటోంది. ఈ పట్టీకి దొరకని రకం ఒక్కచోటే ఉంది మేడమ్. అఖిలక్క నాలుగో గదిలో."

"అంటే ఆ గది ముట్టుకున్న చెయ్యి ఇక్కడిదాకా వచ్చింది."

"ఎవరి చెయ్యో కూడా చెప్పగలను." ఉజ్మా కొమ్మని నెమ్మదిగా వంచింది. పై ఆకుల్నించి లెక్కపెట్టుకుంటూ కిందికి వచ్చి ఒక ఆకు దగ్గర ఆగింది. ఆకు మధ్యలో నెలవంకలా ఎండిన గోటి మచ్చ. "వైరస్‌ని మొక్కకి ఎక్కించాలంటే మేం పైనుంచి మూడో ఆకుని గిల్లుతాం. అంతకంటే లేతదైతే మాడిపోతుంది, ముదురైతే పట్టదు. మాకు అదో చేతివాటం, చూడకుండా గిల్లేస్తాం. మాలో తప్ప ఎవరికీ ఉండదది."

"రైతుకీ ఉండదు" అన్నాడు చలమయ్య. "రైతనేవాడు చిగురు తిప్పుతాడు, నల్లతామర పురుగు ఉందేమోనని. మూడో ఆకుతో మాకేం పని?"

ఖాదర్‌బీకి అర్థమైపోయింది. వెనక్కి తిరిగి నెట్టు దాకా గట్టుని మళ్ళీ చూసింది.

అఖిల ఎవరో వెంటపడి నడిపిస్తుంటే ఈ గట్టు మీద నడిచింది. అరిస్తే వినేవాడు లేడు, చలమయ్య పెళ్ళికి పోయాడు. పక్కనున్నవాళ్ళకి అనుమానం రాకుండా చెయ్యి జారవిడిచి, నాలుగు వదిలి ఐదోది, నాలుగు వదిలి ఐదోది గిల్లుకుంటూ పోయింది. ఏ దొంగని గడప దాటనివ్వకూడదని రెండేళ్ళు కాపలా కాసిందో ఆ దొంగనే తన గోళ్ళలో పెట్టుకుని బయటికి తెచ్చింది. నేనిటు పోయానని చెప్పడానికి ఆ పిల్లకి ఇంకో నోరు లేదు. కానీ ఆ మాట పైకి తేలడానికి పన్నెండు రోజులు పడుతుంది. పన్నెండు రోజులకి తేలింది. తేలిన మర్నాడే, ఆమె నేర్పిన పద్ధతిలోనే, ఆమెని ప్రేమించే ముసలాయన దాన్ని పీకి తగలబెట్టి పాలతో చేతులు కడుక్కున్నాడు.

ఎవరిని తిట్టాలి?

"మేడమ్." ఉజ్మా గొంతు మారింది. "ఈ రెండో మొక్క చూడండి."

రెండో మొక్కకి మచ్చల్లేవు. చిగురాకుల్లో ఈనెలు మాత్రం వెలిసిపోయి ఉన్నాయి. "ఇది మొదటి దశ. అంటించిన తొమ్మిదో రోజున ఇలా ఉంటుంది. మొదటి మొక్కలో గిల్లిన ఆకు పైన ఐదు కొత్త ఆకులు వచ్చాయి. దీంట్లో మూడే వచ్చాయి. ఈ కాలంలో మిరపకి మూడు రోజులకో ఆకు."

ఖాదర్‌బీ వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టింది. "తొమ్మిదో తారీకు. ఆదివారం."

"తొమ్మిదో తారీకున అక్క ఇక్కడికి మళ్ళీ వచ్చింది. బతికుంది మేడమ్. ఆరో రోజున కూడా బతికే ఉంది!"

* * *

"ఏం అక్కా, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావు?"

పదకొండు ఐదు. తారు రోడ్డు మీద జీపు దిగి సీఐ సంజీవరావు నవ్వుతూ వచ్చాడు. పదిహేనేళ్ళ క్రితం కొత్త ఎస్సైగా చేరినప్పుడు ఇతనికి పంచనామా రాయడం నేర్పింది ఖాదర్‌బీయే. ఆ రోజుల్లో నిజంగానే అక్కా అని పిలిచేవాడు. ఇప్పుడా పిలుపులో పిన్నులుంటాయి.

ఆమె చెప్పింది. గుంటలు, గిల్లిన ఆకు, తొమ్మిదో తారీకు, అన్నీ. అతను గుంటల వంక, మొక్కల వంక, ఉజ్మా చేతిలో పట్టీ వంక చూశాడు.

"పట్టీ ఏమంటోంది?"

"లేదంటోంది."

"లేదన్న పట్టీ ఒక సాక్ష్యం. పీకేసిన మొక్కలు ఇంకో సాక్ష్యం. గుంటలు మూడో సాక్ష్యం. బాగుంది. లేనివన్నీ చూపించి ఉన్నవాణ్ణి విడిపిస్తానంటావు. జడ్జి గారికి ఏం చెప్పమంటావు, ఆకు చెప్పింది సార్ అనా?"

"నీ సాక్ష్యం ఏంటి? వాచిన వేలి ముద్ర."

"ముసలాయన నిన్న పీకుతూ ఆ చేత్తోనే రెండో మొక్కకి అంటించి ఉండొచ్చుగా? ముట్టుకుంటే వస్తుందన్నారుగా?"

ప్రశ్న మంచిదే. ఖాదర్‌బీ ఒప్పుకుంది మనసులో. సమాధానం ఉజ్మా చెప్పింది. "నిన్న అంటితే ఈ రోజు కనపడదు సార్. పైవారం దాకా ఆగాలి. పైగా గోటి గిల్లు ఎండి మచ్చకట్టేసింది."

"అఖిల తొమ్మిదో తారీకున బతికుంటే కోటేష్ నాలుగో తారీకున ఎవర్ని చంపాడు?" అంది ఖాదర్‌బీ. "తొమ్మిదో తారీకున కోటేష్ ఎక్కడున్నాడు సంజీవా? నీ లాకప్‌లో. పడుతూ లేస్తూ."

సంజీవరావు నవ్వు ఆగిపోయింది.

"తొమ్మిదో తారీకున వాడు నా లాకప్‌లో ఉన్నట్టు ఏ రికార్డులో ఉంది?"

ఖాదర్‌బీ అతని కళ్ళలోకి చూస్తూనే ఉంది. ఇదీ ఉచ్చు. వాడు నిర్దోషి అని చెప్పగలిగిన ఒకే ఒక్క గోడ ఆ లాకప్ గోడ. ఆ గోడ లోపల వాడు ఉన్నాడని ఒప్పుకుంటే ముందు పోయేది సీఐ ఉద్యోగం. వాణ్ణి కొట్టిన పన్నెండు రోజులే వాణ్ణి కాపాడాలి. ఆ పన్నెండు రోజులూ కాగితం మీద పుట్టనే లేదు.

"నిన్ను చూస్తే సిగ్గేస్తోంది నాకు. నేర్పినందుకు."

"సిగ్గుతో ఛార్జిషీట్ నిండదక్కా." కానీ అతని గొంతు తగ్గింది. రెండడుగులు పక్కకి లాగి మెల్లగా అన్నాడు: "ఒక మాట. ఇది ఆ గది వైరస్సే అని, తొమ్మిదో తారీకుదే అని ల్యాబు కాగితం తీసుకురా. హత్య సెక్షను ఎత్తేస్తా. మిస్సింగ్ కేసుగా మారుస్తా. వాడు ఇంటికి పోతాడు. లాకప్ మాట మాత్రం నువ్వెక్కడా ఎత్తకూడదు. నువ్వూ, వాడూ."

అంటే వాడి వేళ్ళు వాటంతటవే వాచినట్టు. చట్టం, న్యాయం, హక్కులు అని ఇరవై ఏళ్ళు అరిచిన నోరు. ఆ నోటితోనే "సరే" అంది. కొడుకు ఇంటికొస్తే చాలనుకునే తల్లికి న్యాయం గురించి ఉపన్యాసం చెప్పే మొహం ఆమెకి లేదు.

"ఐదింటికి నీకు కాగితం కావాలి. ఎంతసేపు పడుతుంది ఉజ్మా?"

"అక్క కొత్త రకాన్ని పట్టుకోవడానికి వేరే పరీక్ష తయారు చేసింది మేడమ్. ఆ మందులు నా దగ్గర దాచింది, గుంటూరు ల్యాబులో. నాకు తప్ప ఎవరికీ తెలీదు. మొదలుపెడితే మూడున్నర గంటలు. కానీ ల్యాబుకి స్కూటీ మీద గంటన్నర. మొక్కల్ని మట్టితో సహా, ఎండ తగలకుండా తీసుకెళ్ళాలి."

"జీపు ఇవ్వు సంజీవా."

"జీపులో బందోబస్తుకి పోవాలి. మంత్రి గారి ప్రోగ్రాం." అతను ఫోను తీశాడు. "ఉండు, శివనాగరాజు గారికి చెప్తా. పాపం, ఆ పిల్ల కోసం రోజూ స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాడు. ఈ పక్కనే ఏదో నర్సరీకి వచ్చానన్నాడు పొద్దున."

ఇరవై నిమిషాల్లో తెల్ల బొలేరో వచ్చి ఆగింది. డాక్టర్ శివనాగరాజు తనే నడుపుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్ళు, సన్నటి మనిషి, మాట కూడా సన్నం. మొక్కల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. లేచి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా పట్టీ దీన్ని పట్టుకోలేకపోయింది" అన్నాడు. "అఖిల చెబుతూనే ఉంది. నేను వినలేదు. తప్పు నాదే మేడమ్. పద ఉజ్మా, వెంటనే మొదలుపెడదాం. ఏసీ వేస్తాను, మొక్కలకేం కాదు."

తప్పు నాది అనే పెద్దమనిషిని ఖాదర్‌బీ తన సర్వీసులో ముగ్గుర్ని చూసింది. గుండె కరిగింది. పట్టీ చేసింది ఇతనే అని కోటేష్ చెప్పిన మాట మనసులో ఒకసారి కదిలింది. కళ్ళద్దాలు తుడుచుకుంటున్న ఆ చేతుల్ని చూసి దాన్ని అదిమేసింది. ఐదింటి గడువు మెడ మీద కూర్చున్నప్పుడు అనుమానానికి టైమెక్కడిది?

చలమయ్య పార తెచ్చాడు. రెండు మొక్కల్నీ వేరు తెగకుండా మట్టిగడ్డతో లేపి గోనెలో చుట్టి, బొలేరో వెనక సీట్లో పెట్టింది ఖాదర్‌బీయే. పట్టీ కూడా ఆ సంచిలోనే వేసింది. ఉజ్మాని ముందు సీట్లో కూర్చోబెట్టి తలుపు తనే వేసింది.

"జాగ్రత్త బేటా. వీటి తర్వాత మనకింకేం లేదు."

"తెలుసు మేడమ్."

పదకొండు యాభైకి బండి కదిలింది.

* * *

ఖాదర్‌బీ రోడ్డుకి వీపు పెట్టి గట్టు మీద కూర్చుంది. ఒళ్ళో అట్ట, అట్ట మీద తెల్లకాగితం. చలమయ్య వాంగ్మూలం రాసుకుంటోంది. ముసలాయన ఎదురుగా నిలబడి, ఆమె తల మీదుగా రోడ్డు వంక చూస్తూ చెబుతున్నాడు. సంజీవరావు జీపు బానెట్‌కి ఆనుకుని బందోబస్తు పిలుపు కోసం ఫోనులో తల దూర్చి ఉన్నాడు.

"తొమ్మిదో తారీకు, ఆదివారం, మీ చేలోకి కొత్తవాళ్ళెవరూ రాలేదు. రాయనా?"

"రాయమ్మా. ఒక్కడు రాలా."

"ఆ రోజు మీరెక్కడున్నారు?"

"మోటారు దగ్గరే. ఆదివారం గదా, కోడి కోశాం. ఈకలు పీకుతా కూర్చున్నా."

"అక్కణ్ణించి ఈ రోడ్డు కనపడుతుందా?"

"ఎందుకు కనపడదు? ఎర్రబస్సు పోతే కూడా చెప్తా. ఆ రోజు సందేళ బస్సు కూడా రాలా. సాంపిల్ బండొక్కటే వచ్చి, అరగంట ఆగి పోయింది."

ఖాదర్‌బీ కలం ఆగింది.

"ఏ బండి?"

"సాంపిల్ బండమ్మా. ఆకులు కోసుకుపోను వస్తదే, వారం వారం."

"ఎవరూ రాలేదన్నారుగా!"

"మీరు కొత్తోళ్ళని అడిగారు తల్లీ." ముసలాయన గాభరా పడ్డాడు. "అది కొత్తదా? రెండేళ్ళ నుంచి వస్తంది. ఎరువులోడు, సాంపిల్ బండి, కరెంటు లైన్‌మాను... వీళ్ళని కూడా చెప్పాలా?"

తప్పు అడిగింది. పొద్దున తొమ్మిది యాభైకి, ఇరవై రెండేళ్ళ అనుభవంతో, తప్పు ప్రశ్న అడిగింది.

"బండిలో ఎవరున్నారు?"

"దూరం గదా. ఎవరో ఆడమనిషి దిగింది, కంపచెట్టు దాకా వచ్చింది. వెనకాల ఒక మగమనిషి. గట్టు కింద దాచిపెట్టిందేదో వెతికినట్టు చూశారు. దొరకలేదనుకుంటా. ఆ ఆడమనిషి మొక్కల మీదికి తూలింది. ఆయన రెక్క పట్టుకుని లేపి ఎక్కించాడు. ఎండదెబ్బేమో అనుకున్నా."

బానెట్ దగ్గర సంజీవరావు నిటారుగా నిలబడ్డాడు. ఈ సారి అతని మొహంలో నవ్వూ లేదు, పిన్నులూ లేవు. "బండి నెంబరు చూశావా పెద్దాయనా?"

"నెంబరెందుకయ్యా? ఇందాక ఆ అమ్మాయిని ఎక్కించి పంపారుగా, ఆ తెల్లబండే."

ఖాదర్‌బీ అప్పటికే ఉజ్మాకి ఫోను కలుపుతోంది. స్విచ్ ఆఫ్. మళ్ళీ కలిపింది. స్విచ్ ఆఫ్. పన్నెండు పది. బండి కదిలి ఇరవై నిమిషాలు. మొక్కలు అందులో. పట్టీ అందులో. కొత్త పరీక్ష తెలిసిన ఒకే ఒక్క మనిషి అందులో. ఒక్కొక్కటీ తన చేత్తో అందించింది.

"అన్ని చెక్‌పోస్టులకీ చెప్తున్నా!" సంజీవరావు వైర్‌లెస్ లాక్కుని అరుస్తున్నాడు. "గుంటూరు రోడ్డు మొత్తం ఆపండి. తెల్ల బొలేరో. గుంటూరు వైపు. ఆఁ, గుంటూరు వైపే, ఇప్పుడే!"

చలమయ్య తలగుడ్డ చేతిలో నలుపుతూ అడుగు ముందుకేశాడు.

"గుంటూరు వైపు కాదయ్యా. ఆ ఆదివారం కూడా అది ముందు మలుపులో అద్దంకి వైపే తిరిగింది."

ఖాదర్‌బీ తలెత్తింది. "ఆ ఆదివారం కూడా అంటే?"

"ఇప్పుడూ అటే పోయిందిగా తల్లీ. ఇక్కడే నిలబడి చూస్తానే ఉన్నా." ముసలాయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "మీరే చెప్పి పంపారనుకున్నా."